అరచెయ్యి కనిపించే నీళ్లు

ఏలూరులో మా పెరట్లో ఉన్నదాన్ని చెరువు అనడం కేవలం మావయ్యగారి మీద గౌరవం కొద్దీ. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు ఉన్న ఇటుక గోడల తొట్టి అది. నిండుగా పోస్తే తొమ్మిదిన్నర వేల లీటర్ల నీళ్లు పడతాయి. మొదట్లో నేను దాన్ని కుండీ అన్నాను. మా వారి నాన్నగారు, అంటే మావయ్యగారు, ఆ మాట విని, వంటింటి గుమ్మం పక్కన కరివేపాకు మొక్క ఉన్న మట్టి కుండీని వేలితో చూపించి, "కుండీ అంటే అదమ్మా" అన్నారు. ఆనాటి నుంచి మా ఇంట్లో అది చెరువే.

చెరువు అనే మాటను ఆయన తేలిగ్గా వాడే మనిషి కాదు. సగం జీవితం కొల్లేటి లోపల చేపల చెరువు చేశారు. ప్రభుత్వం సరస్సు హద్దుగా గీసిన ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెంపించి, సరస్సును సరస్సుకు అప్పగించిన ఏడాది ఆయన చెరువు కూడా పోయింది. సరస్సు పక్షాన చూస్తే ఆ నిర్ణయం సబబేనని ఇంజనీరుగా నా అభిప్రాయం. కోడలిగా ఆ అభిప్రాయాన్ని నేను ఎన్నడూ బయటపెట్టలేదు. గట్టు తెగిన రోజు ఆయన ఐదు చేపలను నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో వేసుకుని, ట్రక్కు ఆటోలో మా ఇంటికి వచ్చారు. నాలుగు బొచ్చెలు, ఒక శీలావతి. కొల్లేటికోట నుంచి ఏలూరు దాకా డ్రమ్ము పక్కనే కూర్చుని, చేపలకు ఊపిరాడాలని దారి పొడవునా చేత్తో నీళ్లు చిలుకుతూ వచ్చారట. దిగేసరికి ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా నాని తెల్లబడి ఉంది. ఎడమచెయ్యి గడియారంతో సహా పొడిగా ఉంది.

"ఇవి బతకాలమ్మా" అన్నారు గుమ్మంలో నిలబడి. చెరువు పోవడం గురించి అంతకు మించి ఒక్క మాట కూడా ఆయన మాతో అనలేదు, ఆ రోజూ, ఆ తరవాతా.

తొట్టి కట్టేదాకా ఆ ఐదూ మా స్నానాలగదిలోని గచ్చు తొట్టిలో కాపురం చేశాయి. మేం పెరట్లో తడిక కట్టుకుని బోరు దగ్గర స్నానాలు చేశాం. కొత్త సిమెంటు నీళ్లలో చేప వేస్తే బతకదు కనక, తొట్టి ఆరాక అరటి బోదెలు నరికి నీళ్లలో వేసి, ఆ నీళ్లు తోడి, మళ్లీ పోసి, సిమెంటు ఘాటు పూర్తిగా విరిగేదాకా ఆగాం. చేపలు చెరువులోకి మారిన రోజు మా వారు స్నానాలగదిలోకి వెళ్లి, బయటికి రావడానికి చాలాసేపు నిరాకరించారు.

ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. నేను తాడేపల్లిగూడెంలో పెరిగి, సివిల్ ఇంజనీరింగు చదివి, పల్లెలకు మంచినీటి పథకాలు గీసే ఆఫీసులో పనిచేసేదాన్ని. మా డెల్టాలో ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కనక ప్రతి ఊరికీ ముందే నింపిపెట్టుకున్న మంచినీటి చెరువు ఒకటి, దాని పక్కన ఇసుక ఫిల్టరు ఒకటి ఉంటాయి. దెందులూరు వైపు కొన్ని ఊళ్ల ఫిల్టర్లు నా చేతి గీతలే. పగలంతా నీళ్లను తేటపరిచే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, పెరట్లో పెసరపచ్చ రంగు నీళ్లను చూడవలసి రావడంలో కొంత అవమానం ఉంది.

అవమానం సంగతి అలా ఉంచితే, అసలు ప్రమాదం వేరే ఉంది. నీళ్లను పచ్చగా చేసే సూక్ష్మమైన నాచు పగలు ఎండలో ప్రాణవాయువును వదులుతుంది. చీకటి పడ్డాక అదే వాయువును తనే పీల్చేస్తుంది. తెల్లవారేసరికి నీళ్లలో చేపలకు మిగిలేది అతి తక్కువ. అందుకే మొదటి వేసవి వచ్చేసరికి మా ఐదు చేపలూ సూర్యోదయానికి ముందు పైకి తేలి, నోళ్లు తెరిచి గాలి మింగడం మొదలుపెట్టాయి. ఒక ఉదయం అన్నిటికన్నా పెద్ద బొచ్చె వెల్లకిలా తేలింది. మావయ్యగారు దాన్ని తీసి కొబ్బరి మొదట్లో పాతిపెట్టారు. ఆయన చేతుల మీదుగా లారీల కొద్దీ చేపలు మార్కెట్టుకు వెళ్లి ఉంటాయి. ఆ పూట మాత్రం మా ఇంట్లో చేపలకూర వండవద్దన్నారు. మిగతా నాలుగూ ఉంటాయా పోతాయా అన్నదే ఆ రోజు నుంచి మా ఇంటి ప్రశ్న. ఆ మధ్యాహ్నమే నేను స్కేలు, పెన్సిలు, గ్రాఫు కాగితం తీసుకుని కూర్చున్నాను.

మొదట చేతికి అలవాటైన పనే చేశాను. ఆఫీసులో గీసే ఇసుక ఫిల్టరునే చిన్నది చేసి, చెరువు ఒడ్డున కట్టించాను. పై నుంచి నీళ్లు పోస్తే ఇసుక గుండా గంటకు పది సెంటీమీటర్ల వేగంతో దిగి, కిందనుంచి తేటగా రావాలి. వచ్చాయి, వారం పాటు. తరవాత ఇసుక మీద పచ్చటి తెట్టు కట్టి, చుక్క కూడా దిగడం మానేసింది. దీన్ని మేం ఫిల్టరు మూసుకుపోవడం అంటాం. కాలేజీలో లెక్కలు చెప్పే మా వారు వంగి చూసి, గోంగూర రుబ్బి ఆరబెట్టావా అని అడిగారు. తప్పు ఇసుకది కాదు. చేపలు లేని, తిండి వెయ్యని నీళ్ల కోసం పుట్టిన పద్ధతిని నేను చేపలున్న నీళ్లకు తొడిగాను.

చేపల నీళ్లకు కావలసింది మురికిని పట్టి ఆపే జల్లెడ కాదు, మురికిని తినేసే తోట. అంటే చిత్తడి నేలలాంటి గులకరాళ్ల మడి. దాని సూత్రం ఇసుక ఫిల్టరుకు సరిగ్గా తలకిందులు. అడుగున చిల్లుల పైపులు పరచాలి. వాటి మీద అడుగు మందాన బఠాణీ గింజంత గులకరాళ్లు పొయ్యాలి. ఆ రాళ్లలో, మట్టి అన్నది లేకుండా, వేళ్లు కడిగిన మొక్కలు నాటాలి. చెరువు నీళ్లను పంపు కింది పైపుల్లోకి తోస్తుంది. నీళ్లు రాళ్ల సందుల గుండా పైకి ఎక్కి, వేళ్లను తడుముకుంటూ వచ్చి, ముందు గట్టు మీదుగా తిరిగి చెరువులోకి జారతాయి. రాళ్లను అంటుకుని పెరిగే కంటికి కనిపించని జీవులు చేపల మలాన్ని ఎరువుగా మారుస్తాయి, ఆ ఎరువును మొక్కలు తింటాయి, నాచుకు పస్తు. గట్టు మీంచి జారే నీళ్లు గాలిని కూడా వెంట తీసుకువెళ్తాయి.

మడి వైశాల్యం చెరువు వైశాల్యంలో నాలుగోవంతు ఉండాలని నిర్ణయించుకున్నాను. తొంభై ఆరు చదరపుటడుగులకు ఇరవై నాలుగు. కనక ఎనిమిదడుగులు బై మూడు. పైపులు రెండంగుళాల పీవీసీ, మూడు వరసలు. హాక్సా బ్లేడుతో ప్రతి రెండంగుళాలకూ ఒక గాటు, గాట్లు పక్కలకు చూసేలా. ఒక్కొక్క వరస చివర మడిపైకి నిలబడే మూతపైపు. మూత తీసి నీళ్లు కొడితే అడుగున పేరుకున్న బురద బయటికి కొట్టుకురావాలి. మూసుకుపోయే ఫిల్టరు కట్టిన మనిషికి ఈ మూతపైపు మీద మమకారం ఎక్కువగా ఉంటుంది. కంకర మిల్లు చిప్స్ కాకుండా గోదావరి గులకరాళ్లే తెప్పించాను, ఎందుకంటే చిప్స్‌కు రాతిపొడి ఉంటుంది. అయినా వాటిని ఏడు నీళ్లలో కడిగాం. ఇంట్లో బియ్యాన్ని కూడా అన్నిసార్లు కడగరని మావయ్యగారు నెమ్మదిగా గుర్తుచేశారు.

చిక్కు పంపు దగ్గర వచ్చింది. చెరువులోని నీళ్లన్నీ రెండు గంటలకు ఒకసారి మడి గుండా తిరగాలి. బోరు మోటారు పెడితే చేపలు కూడా తిరుగుతాయి. మా వీధి చివర ఒక ముస్లిం కుటుంబం తరతరాలుగా మోటార్ల పని చేస్తోంది. ఆ ఇంటి పెద్దను వీధంతా భాయిగారు అనే పిలుస్తుంది. ఎయిర్ కూలర్లో నీళ్లు ఎత్తే చిన్న పంపు గంటకు పదకొండు వందల లీటర్లు తోస్తుందని ఆయన దగ్గర బక్కెట్టు పెట్టి కొలిచి తేల్చుకున్నాను. అలాంటివి నాలుగు కావాలన్నాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశారు.

"నాలుగు కూలర్లాండీ మేడమ్‌గారూ? ఇంట్లో ఉండేది ముగ్గురు కదండీ."

చేపల కోసమని చెప్పాను.

"చేపలు నీళ్లలోనే ఉంటాయి కదండీ. వాటికి కూడా ఉక్కపోతేనా?"

అయితే విషయం అర్థమయ్యాక ఆయనే ఒక మంచి మాట చెప్పారు: నాలుగు పంపులకూ నాలుగు వేరు వైర్లు ఇస్తే, ఒకటి కాలిపోయినా మూడు తిరుగుతుంటాయి. మా ఆఫీసులో దీన్నే పేజీల కొద్దీ రాసి ఆమోదం పొందుతాం.

ఇక మొక్కలు. పుస్తకాల ప్రకారం నీటిలోని ఎరువును గుర్రపుడెక్కంత వేగంగా తినే మొక్క మరొకటి లేదు. ఆ మాట భోజనాల దగ్గర చెప్పాను. మావయ్యగారు ముద్ద కలపడం ఆపారు. ఊదారంగు పూలు పూస్తూ కాలవలను, పడవదారులను, వలలను మింగేసే ఆ మొక్కతో ఆయన జీవితమంతా యుద్ధం చేశారు.

"గుర్రపుడెక్క ఈ గుమ్మం లోపలికి వస్తే, అమ్మాయ్, నేను అదే గుమ్మంలోంచి బయటికి వెళ్తాను" అన్నారు, అతి మృదువుగా.

మొక్కల శాఖ ఆయనకే అప్పగించాను. ఆయన బస్సెక్కి కొల్లేటికోట వైపు వెళ్లి, తడి గోనెసంచిలో తుంగ, చేమ, తూటికూర తీగలు పట్టుకొచ్చారు. జమ్ము మాత్రం వద్దని నేనూ గట్టిగా చెప్పాను; దాని వేళ్లు పైపుల గాట్లలో దూరి పట్టుకుంటే ఇక వదలవు. వీధి చివర భాయిగారింటి నుంచి మెట్టతామర దుంపలు కూడా వచ్చాయి. అన్నిటి వేళ్లనూ మట్టి లేకుండా కడిగి, మూరెడేసి దూరంలో రాళ్లలో దూర్చాం. స్విచ్చి వేశాక నాలుగు పంపులూ గురగురలాడాయి; కాసేపటికి రాళ్లు తడిశాయి; ఇంకాసేపటికి ముందు గట్టు పొడవునా నీళ్లు పలచటి తెరలా జారాయి. మావయ్యగారు ఆ తెర కింద చెయ్యి పెట్టి, "గాలి బాగానే ఆడుతుంది" అన్నారు.

నీటి తేటదనాన్ని కొలవడానికి నేనొక పరికరం తయారుచేశాను. పాత స్టీలు పళ్లేనికి నలుపు, తెలుపు రంగులు పావు పావు చొప్పున వేసి, మధ్యలో కన్నం చేసి, అంగుళాల గుర్తులున్న తాడు కట్టాను. దాన్ని నీళ్లలోకి దించుతూ ఎంత లోతులో కంటికి కనిపించకుండా పోతుందో చూడాలి. మొదటి రోజు పదంగుళాల దగ్గరే మాయమైంది. నేను దాన్ని సాయంత్రాలు దించేదాన్ని. మావయ్యగారు పొద్దున్నే గట్టు మీద గొంతుక్కూర్చుని, కుడిచేతిని మోచేతి దాకా ముంచి, అరచేతిని చూసుకునేవారు. ఆయన పద్ధతీ నా పద్ధతీ ఒకటేనని గమనించి నాకు ముచ్చటేసింది. ఇంటికి ఇద్దరు నీటి పరీక్షకులు.

నెల తిరిగేసరికి తూటికూర గట్టు దాటి పాకింది. పళ్లెం పద్దెనిమిది అంగుళాల దాకా కనిపించింది, తరవాత రెండడుగులు. ఆ తరవాత, ఏ కారణమూ లేకుండా, మళ్లీ పద్నాలుగుకు పడిపోయింది. పంపులు చూశాను, నాలుగూ తిరుగుతున్నాయి. మొక్కలు చూశాను, నవనవలాడుతున్నాయి. లెక్క మళ్లీ కట్టాను, తప్పు లేదు. వారంలో నీళ్లు తేరుకున్నాయి. మళ్లీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. తెల్లవారుజామున చేపలు మళ్లీ నోళ్లు తెరిచాయి. ఆఫీసులో ఏ ఊరి ఫిల్టరూ నన్ను ఇంతగా వెక్కిరించలేదు. మావయ్యగారి ముఖం కూడా దిగులుగానే ఉండేది. ఆయన దిగులుకూ నా దిగులుకూ కారణం ఒకటేననుకున్నాను.

మూతపైపు మూత తీసి అడుగు బురద కొట్టించిన రోజు ఒక ఆధారం దొరికింది. బురదలో సన్నటి గడ్డిపీచు ఉంది. మా చేపలు గడ్డి తినవు. మా మొక్కలు గడ్డి కావు. ఆ పీచును కాగితం మీద ఆరబెట్టి మా వారికి చూపించాను. ఇది ఎక్కడో చూసినట్టుంది, పిడకల్లో అనుకుంటా, అని ఆయన పేపరు చదువుకోవడానికి వెళ్లిపోయారు.

రెండో శనివారం నాకు సెలవు. పదిగంటల వేళ పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మావయ్యగారు బక్కెట్టు పట్టుకుని, నాకు సెలవన్న సంగతే మరిచినట్టు నా ముందునుంచే నడిచి వచ్చారు. బక్కెట్టులో మూడు రోజులు నానిన పేడనీళ్లు. చెరువు నాలుగు మూలలా తలా ఒక చెంబు పోసి, జేబులోంచి పొట్లం తీసి పిడికెడు సూపర్ ఫాస్ఫేటు చల్లి, కర్రతో ఓపిగ్గా కలిపారు. నా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"ఏంటండీ మావయ్యగారూ అది?"

"రంగు తెప్పిస్తున్నానమ్మా. నీళ్లు పలచబడిపోయాయి."

"పలచబడటమంటే?"

"వారం నుంచీ మోచేతి దాకా ముంచినా అరచెయ్యి కనిపిస్తోంది. అరచెయ్యి కనిపిస్తే ఆ నీళ్లలో ఏం ఉన్నట్టు? చేప ఏం తింటుంది?"

అప్పుడు తెలిసింది. కొల్లేటి చెరువుల్లో మంచి నీళ్లంటే పచ్చటి నీళ్లు. ఆ పచ్చదనమే చేపకు తిండి. మోచేతి లోతులో అరచెయ్యి కనిపించకపోతే చెరువు బలంగా ఉన్నట్టు, కనిపిస్తే నీరసించినట్టు, వెంటనే పేడ, ఫాస్ఫేటు వెయ్యాలి. ఆ చెరువుల్లో అది ముమ్మాటికీ సరైన పరీక్ష. ఇద్దరం ఒకే లోతును కొలుస్తున్నాం. నాకు పండగైన రోజు ఆయనకు పస్తు. నేను నాచును ఆకలితో చంపుతుంటే ఆయన చేపలు ఆకలితో చస్తున్నాయనుకున్నారు.

"మరి నాతో ఒక్క మాట అనలేదేమండీ?"

ఆయన కర్ర కడిగి గోడకు ఆనించారు. "నువ్వంత కష్టపడి కట్టుకున్నావు. అది నీళ్లని చెడగొడుతోందని ఎలా అనమంటావమ్మా? నువ్వు ఆఫీసుకెళ్లాక సర్దేస్తున్నాను."

మా ప్రాంతపు మర్యాదకు ఇంతకు మించిన నిదర్శనం నాకు తెలియదు. కోడలు నొచ్చుకోకూడదని ఆయన తెల్లవారితే దిగులుపడుతూ, పదిగంటలకు సర్దుతూ వచ్చారు. మామగారి చేతిపనిని అనుమానించడం తప్పని నేను పైపులను అనుమానించాను. మధ్యలో నాలుగు చేపలు నోళ్లు తెరిచాయి.

అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. తెల్లవారుజామున చేపలు తేలడం ఆయనకు కొత్త కాదు. కొల్లేటిలోనూ మబ్బు రోజుల్లో తేలేవట. కానీ మిగతా రోజుల్లో, అంతే పచ్చటి నీళ్లలో, ఎందుకు తేలేవి కావు? నేను పగలూ రాత్రీ నాచు చేసే పని వివరించాను. ఆయన చెరువును చూసి, తల ఎత్తి మా ప్రహరీగోడలను చూశారు.

"అక్కడ గాలి ఉండేదమ్మా" అన్నారు. "ఎకరాల నీళ్ల మీద గాలి. ఎప్పుడూ అల లేస్తూనే ఉండేది. ఇక్కడ నాలుగు గోడల మధ్య ఆకు కూడా కదలదు."

నా లెక్కల్లో లేని అంశం అది. గాలి లేని చోట పచ్చటి నీళ్లు మొయ్యలేని బరువు. ఒక ఒప్పందానికి వచ్చాం: ఈ వర్షాకాలం దాటేదాకా నీళ్లు నావి, తిండి ఆయనది. నీళ్లలో తిండి ఉండదు కనక చేతితో పెట్టాలి. తవుడు, వేరుసెనగ చెక్క కలిపిన ముద్దలు రెండు పూటలా ఇంతేనని కొలత కూడా రాసుకున్నాం; ఎక్కువైతే మిగిలింది కుళ్లి మళ్లీ నాచుకే మేత. ఆ కొలత విని ఆయన, పెళ్లివారికి అన్నం కొలిచి పెట్టినట్టుందన్నారు గానీ ఒప్పుకున్నారు. పేడ బక్కెట్టు కొబ్బరి చెట్టుకు బదిలీ అయింది.

మడి కూడా ఆయన ఆధీనంలోకి వెళ్లింది. పంట కనిపిస్తే ఊరుకునే చేతులు కావవి. వారం వారం తూటికూర కోసి వంటింట్లో పెట్టేవారు. కొయ్యడం నాకూ కావలసిందే, ఎందుకంటే కోసిన ప్రతి కట్టతోనూ నీళ్లలోని ఎరువు అంతమేర బయటికి పోతుంది. మా వారు పప్పులో తూటికూర కలుపుకుంటూ, లోకమంతా చేపల్ని వండుకుంటుంటే మనింట్లో చేపలే మనకి కూర పంపిస్తున్నాయని వీధిలో చెప్పుకొచ్చారు. భాయిగారింటికి కూడా ఒక కట్ట వెళ్లేది. కూలరు తూటికూర వచ్చిందా అని అక్కడ అడిగేవారట.

అసలు పరీక్ష శ్రావణంలో వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, ఆకాశం దుప్పటి కప్పుకున్నట్టయింది. ఎండ లేదు కనక నీళ్లలో ప్రాణవాయువు పుట్టదు. ఇలాంటి రోజుల్లోనే కొల్లేటి రైతులు నిద్ర మానుకుంటారు. పంపులు తిరుగుతున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది. మూడో నాటి ఉదయం, కాఫీలు కూడా కాకముందు, కరెంటు పోయింది. నాలుగు వైర్లు వేరుగా ఇచ్చినా వెనక ఉన్న స్తంభం మాత్రం ఒకటే, అది ఒరిగిపోయింది.

గట్టు మీది నీటి తెర ఆగిన చప్పుడు ఇంట్లో అందరికీ వినిపించింది. మావయ్యగారు అప్పటికే పంచె ఎగగట్టి చెరువు దగ్గర ఉన్నారు. "తోడాలి. ఎత్తి పొయ్యాలి" అన్నారు.

ఎక్కడ పొయ్యాలో నేను చెప్పాను. ఊరికే చెరువులోనే ఎత్తి పోస్తే గాలి మాత్రమే కలుస్తుంది. నిలబెట్టిన మూతపైపుల మూతలు తీసి వాటిలో పోస్తే నీళ్లు రాళ్ల కిందికి దిగి, మడి గుండా పైకి లేచి, గట్టు దాటి జారతాయి. రాళ్లలోని జీవులకూ ఊపిరి కావాలి. అవి చస్తే ఫిల్టరు మొత్తం చస్తుంది. మా వారు మూడు పైపులకూ గరాటాలు పెట్టారు. మావయ్యగారు తోడి అందిస్తే నేను పోశాను. నేను అలిసిపోతే మా వారు. సన్నటి వాన పడుతూనే ఉంది. గొడుగుతో చూడ్డానికి వచ్చిన భాయిగారు సంగతి గ్రహించి, గొడుగు మడిచి, రెండో బక్కెట్టు అందుకున్నారు.

"మీకు నాలుగు మోటార్లు ఇచ్చాను కదండీ. ఇవి కూడా నాలుగే" అన్నారు మమ్మల్ని లెక్కపెడుతూ. "గ్యారంటీ మాత్రం అడక్కండి."

కరెంటు మధ్యాహ్నం దాటాక వచ్చింది. అప్పటిదాకా చేపలు రెండుసార్లు పైకి వచ్చినట్టే వచ్చి, నోరు తెరవకుండానే కిందికి వెళ్లిపోయాయి. మావయ్యగారు నాలుగు వీపులనూ వేలితో లెక్కపెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్న మళ్లీ లెక్కపెట్టుకున్నారు. నాలుగూ ఉన్నాయి.

ఆ తరవాతి వారం ఎండ కాసింది. వాననీళ్లు కలిసి, మడి మళ్లీ పట్టందుకుని, చెరువు అడుగు దాకా తేటపడింది. తాడు చివరి దాకా వదిలినా పళ్లెం కనిపిస్తూనే ఉంది. అడుగున దాని నీడ కూడా కనిపించింది. నేను కేకేస్తే మావయ్యగారు వచ్చి, అలవాటు ప్రకారం గొంతుక్కూర్చుని చెయ్యి ముంచారు. అరచెయ్యి, వేళ్లు, వేలి ఉంగరం, అన్నీ కనిపిస్తున్నాయి. నేను ఆయన ముఖం చూశాను.

కానీ ఆయన అరచేతిని చూడటంలేదు. బొచ్చె ఒకటి తవుడు ముద్ద కోసం అడుగునుంచి నిదానంగా పైకి లేస్తోంది. రెక్కలు మడిచి విప్పుతూ, పైకి తిరిగిన మూతిని ఇంకాస్త పైకి ఎత్తి, ముద్దను అంచునుంచి గుటుక్కున అందుకుంది. శీలావతి మాత్రం కిందనే ఉండి, జారిపడ్డ నలుసులను ఏరుకుంటోంది.

"బొచ్చెకి మూతి పైకుంటుంది, శీలావతికి కిందికుంటుంది" అన్నారు ఆయన. "తెలుసు. ఎన్ని వేల చేపల్ని చేత్తో పట్టి చూశానో. తింటుంటే మాత్రం ఇదేనమ్మా చూడటం. వలలో చూశాను, తట్టలో చూశాను, మంచు పెట్టెలో చూశాను. నీళ్లలో చూళ్లేదు."

పచ్చటి నీళ్లలో చేపను పెంచిన మనిషికి చేప కనిపించేది పట్టిన రోజే. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఆయన కోసం కుర్చీ తెచ్చి గట్టు దగ్గర వేశాను. అది వర్షాకాలం అయిపోయినా అక్కడే ఉండిపోయింది. ఒప్పందం గడువు ఎప్పుడు దాటిందో ఇద్దరమూ గమనించలేదు.

ఒక ఆదివారం ఉదయం పళ్లెం పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. అడుగు కనిపించే చెరువులో దాన్ని దించనక్కర్లేదు. చేతికి అలవాటు, అంతే. మావయ్యగారు కుర్చీ వదిలి, గట్టు మీద గొంతుక్కూర్చుని, కుడిచేతిని మోచేతి దాకా ముంచి ఉన్నారు. పొద్దుటి పూట ముద్దలు అప్పటికే అయిపోయాయి. గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"అడుగు కనిపిస్తూనే ఉంది కదండీ, ఇంకా చెయ్యి ఎందుకు?" అన్నాను.

"నీళ్లు చూసుకోవాలి కదమ్మా" అన్నారు గంభీరంగా, నా వైపు తిరగకుండానే. "ఎవరి పని వాళ్లం మానకూడదు."

నీళ్లు అంత తేటగా ఉన్నాయి కనక ఆయన అరచెయ్యి తెరిచి లేదన్న సంగతి నాకు కనిపించింది. పిడికిలి బిగించి ఉంది. వేళ్ల సందుల్లోంచి తవుడు సన్నటి పొగలా జారుతోంది. మూడు బొచ్చెలు పైన తిరుగుతుంటే, శీలావతి కిందనుంచి వచ్చి ఆ పిడికిలిని మూతితో పొడుస్తోంది. నేను పళ్లేన్ని మేకుకు తగిలించి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్లాను.